ఏడు కిలోల సంచి, ఇరవై ఆరు పొట్లాలు

మే 7, బుధవారం. ఫుకువొకా

రేపే ప్రయాణం. ఆరు నెలల పాటు ఆసియా అంతా చవగ్గా తిరిగి, నవంబరులో ఇంటికి రావడం. నేను మందుల షాపులో ఉద్యోగం మానేశాను. మా ఆయన తదాహికో ఇరవై మూడేళ్లు టైల్స్ కంపెనీలో మగ్గి, చివరికి రాజీనామా ఇచ్చి వచ్చారు. ఇన్నేళ్లలో ఆయన రాత్రి భోజనానికి ఇంట్లో ఉన్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇకమీదట మూడు పూటలా నా ఎదురుగా కూర్చుని తింటారు. నలభై ఎనిమిదేళ్లకు నాకు మొగుడు దొరికాడు.

నియమాలు:

ఒకటి. మనిషికి ఒక్క సంచి. ఏడు కిలోలు దాటకూడదు.

రెండు. టాక్సీ ఎక్కకూడదు. ఏసీ గది అడగకూడదు.

మూడు. దారిలో ఏమీ కొనకూడదు. మోసేది మన భుజాలే.

నాలుగు. ఆయన్ని దెప్పకూడదు. (ఇది నాకు నేను పెట్టుకున్నది. ఆయనకు చెప్పలేదు. చెబితే నవ్వుతారు.)

ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నాను. ప్రయాణం సంగతి ఎవరి చెవినా వేయనని ఆయన చేత ఒట్టు పెట్టించాను. తెలిసిందంటే ఇరుగుపొరుగు దారిఖర్చులకని కవరులో డబ్బు పెట్టి ఇస్తారు. తీసుకున్నామా, అయిపోయాం. ఊరూరా వాళ్ల కోసం ఏదో ఒకటి కొని మోసుకురావాలి. కాళ్లరిగేలా తిరిగేది మనం, తినేది వాళ్లు.

ఆరు నెలలు ఉండం కదా, అద్దె ఇల్లు ఖాళీ చేద్దామన్నాను. "సామాను ఎక్కడ పెడతాం, ఉండనీ" అన్నారు. నిజమే. ముందుచూపున్న మనిషి.

మే 9, శుక్రవారం. బుసాన్

ఓడలో అన్నిటికన్నా చవక టికెట్టు. పెద్ద హాలు, నేల మీద చాపలు. నేను ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. ఆయన ప్యాంటు మడత చెడకుండా చాప కింద పరిచి, దాని మీద కదలకుండా పడుకున్నారట. పోనీలే. ఇరవై మూడేళ్ల అలవాటు.

హాస్టల్లో ఎనిమిది పడకల గది. మిగతా ఆరుగురూ పాతికేళ్లు నిండని పిల్లలు. సంచి దించీ దించగానే ఈయన ప్రతి మంచం దగ్గరకూ వెళ్లి గంగిరెద్దులా వంగి వంగి దండాలు. "రాత్రి గురక పెడతాను. ముందే క్షమించమని అడుగుతున్నాను." ఇద్దరిని నిద్ర లేపి మరీ క్షమించమన్నారు. పైగా ఒక్కొక్కరి చేతిలో ఒక ఫుకువొకా బిస్కెట్ పొట్లం.

"ఇవెక్కడివండీ?"

"ఇంటి నుంచే తెచ్చాను. కొత్త చోటుకి ఉత్త చేతులతో ఎలా వస్తాం?"

సంచి తూయించాను. పదకొండు కిలోలు. మొదటి నియమం మొదటి ఊళ్లోనే గోవిందా. పంచిపెట్టేస్తే ఏడుకు దిగుతుంది కదా అని సరిపెట్టుకున్నాను. దెప్పలేదు. ఊరికే అలా చూశాను, అంతే.

మే 12, సోమవారం. బుసాన్

బరువు దిగలేదు. ఎక్కింది.

పొద్దున సంతలో నేను చేపల పులుసు తాగుతుంటే ఈయన మాయమయ్యారు. తిరిగొచ్చేసరికి చంకలో వేయించిన సముద్రపు నాచు కట్టలు. దిండంత ఉన్నాయి.

"తేలిక. బరువే లేదు" అన్నారు నేను అడగకముందే.

"ఎవరికి?"

"హిరోసే గారికి." మా ఇంటి ఓనరమ్మ.

"ఆవిడకు ప్రయాణం సంగతి ఎవరు చెప్పారు?"

"మెట్ల మీద ఎదురుపడింది. ఎక్కడికి అని అడిగింది. అబద్ధం చెప్పమంటావా? మర్నాడు కవరు పట్టుకొచ్చింది. ఇస్తుంటే వద్దని ఎలా అంటాను?"

పెద్దావిడ. పోనీ ఒక్కరికేగా. మూడో నియమాన్ని కొంచెం మార్చాను: బరువు లేనివి కొనవచ్చు.

మే 16, శుక్రవారం. హనోయ్

ఎండ. ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం రావడం లేదు. ఏసీ గదికి మారాం. ఇది నా నిర్ణయం. ఒక్క రాత్రికి మాత్రమే. మనిషి బతికుంటేనే కదా నియమాలు.

మే 17, శనివారం. హనోయ్

ఇంకొక్క రాత్రి.

సాయంత్రం వాన. టాక్సీ ఎక్కాం. వానలో నడిస్తే జలుబు చేస్తుంది, జలుబు చేస్తే మందులకు టాక్సీ కన్నా ఎక్కువ అవుతుంది. మందుల షాపులో పనిచేసిన దాన్ని, ఆ మాత్రం తెలియదా.

ఇక ఈయన సంగతి. ఇంటి దగ్గర మా అంతస్తులో నాలుగు కాపురాలున్నాయని, నలుగురికీ కొబ్బరి బిళ్లల డబ్బాలు కొన్నారు. సంచి నోరు మూతపడలేదు. వెళ్లి చక్రాల పెట్టె కొనుక్కొచ్చారు. వీపున సంచి, చేతిలో పెట్టె. హనోయ్ ఫుట్‌పాత్ మీద మోటారు సైకిళ్ల మధ్య ఆ పెట్టె నాలుగడుగులు దొర్లుతుంది, అయిదో అడుగున బోర్లా పడుతుంది. ఈయన దానికి కూడా క్షమాపణ చెబుతారేమోనని చూశాను. మోటారు సైకిలు వాడికి చెప్పారు.

"పెళ్లివారి విడిది ఎక్కడండీ?" అన్నాను. దెప్పడం కాదు. అడగడం.

మే 20, మంగళవారం. లువాంగ్ ప్రబాంగ్

బస్సులో ఒక రాత్రీ ఒక పగలూ. పడుకునే బస్సే, కానీ ఈయన పడుకుంటేనా. కింద పెడితే బిళ్లలు నలుగుతాయని పెట్టెను తన పడక మీద పడుకోబెట్టి, తాను పక్కన ముడుచుకుని కూర్చున్నారు. మలుపు వచ్చినప్పుడల్లా దాన్ని రెండు చేతులా వాటేసుకున్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో నన్ను అంత జాగ్రత్తగా పట్టుకున్న గుర్తు లేదు.

ఈ ముక్క పైకే అన్నాను. నాలుగో నియమం పోయింది. వంద కిలోమీటర్ల పాటు నా నోటికి మూత లేదు. పెట్టె గురించి, నాచు గురించి, చాప కింద ప్యాంటు గురించి, రోజూ ఆరింటికల్లా నున్నగా గడ్డం గీసుకుని తయారవడం గురించి. "ఎక్కడికండీ ఈ ముస్తాబు? ఎవరు చూడాలి, బర్రెలా?"

ఆయన తల వంచి విన్నారు. కంపెనీలో బాగా నేర్పారు.

మే 23, శుక్రవారం. లువాంగ్ ప్రబాంగ్

ఈ రోజు వెక్కిరించడానికి ఏమీ దొరకలేదు.

నది ఒడ్డున మధ్యాహ్నమంతా కూర్చున్నాం. జిగురన్నం చేత్తో ముద్దలు చేసుకుని తిన్నారు. తర్వాత ఎండబెట్టిన అరటిపండు ముక్కలు, తేనె పూసినవి. పొట్లం అంతా ఒక్కరే తినేసి వేళ్లు నాకారు. అలా చేయగలరని నాకు తెలియదు. తర్వాత ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నీళ్లలోకి దిగారు, మడతల సంగతి మర్చిపోయి. రాయి మీద కాలు జారి కూలబడ్డారు. లేచి, తడి బట్టలతో పగలబడి నవ్వారు.

"ఇన్నేళ్లు ఏం చేశాం, మినాయో, మనం?" అన్నారు, నన్ను పేరు పెట్టి పిలిచి.

నాకు ఏడుపొచ్చింది. సంతోషం, దాచుకోవడం ఎందుకు. దీని కోసమే కదా ఉద్యోగం వదిలి, ఊరు వదిలి వచ్చాను. రేపటి నుంచి నాలుగు నియమాలూ మళ్లీ మొదలు. ముఖ్యంగా నాలుగోది.

మే 24, శనివారం. లువాంగ్ ప్రబాంగ్

పొద్దున సంత. ఈయన కరకరలాడే తీపి కొబ్బరి చుట్టలు అమ్మే ఆవిడ ముందు నిలబడ్డారు. పోనీలే, కొననీ, ఏమీ అనకూడదు అనుకుని వెనకాల నిలుచున్నాను. సైగలతో బేరం. ఒక్కొక్కటీ విడివిడిగా పొట్లం కట్టి ఉండాలట. ఇరవై ఆరు కావాలట. తర్వాత ఫోన్‌లో క్యాలెండర్ తెరిచి, జూన్ రెండు మీద వేలు పెట్టి ఆవిడకు చూపించారు. అప్పటిదాకా పాడవకుండా ఉంటాయా అని.

"జూన్ రెండున ఏముంది?" అన్నాను.

ఈయన ఉలిక్కిపడ్డారు. అమ్మే ఆవిడ మాత్రం పాడవవని హాయిగా తల ఊపింది.

"మిమ్మల్నేనండీ. మనం అనుకున్న ప్రకారం జూన్ రెండుకి నదిలో పడవ మీద ఉంటాం కదా. ఇవి ఎవరికి పెడతారు, చేపలకా?"

"సోమవారం" అన్నారు.

"అయితే?"

"ఆఫీసు."

రాజీనామా ఇవ్వలేదట. కాగితం జేబులో పెట్టుకుని మూడుసార్లు వెళ్లారట. మూడోసారి మేనేజరు టీ తెప్పించి, ఇంత పాత మనిషివి, సెలవు తీసుకో, మే నెలాఖరు దాకా ఊళ్లు తిరిగిరా అన్నాడట. మా కంపెనీలో ఇంతవరకూ ఎవరికీ అంత సెలవు ఇవ్వలేదు అంటున్నారు, ఆ కాస్త గర్వం ఇంకా ముఖంలో ఉంది. ముప్ఫై ఒకటిన వియంతియాన్ నుంచి విమానం. టికెట్లు ఏప్రిల్‌లోనే కొన్నారట. "ఇద్దరికీ కొన్నాను" అన్నారు, అదొక మంచిపని అయినట్టు.

"నాకెప్పుడు చెబుదామని?"

"వియంతియాన్‌లో."

"విమానం ఎక్కాకా?"

"నువ్వు ఇంత సంతోషంగా ఉంటే నోరు రాలేదు."

ఇల్లు ఎందుకు ఖాళీ చేయలేదో, గడ్డం ఎందుకు పెరగలేదో ఇప్పుడు అర్థమైంది. ముందుచూపట. చెవిలో పువ్వు పెట్టి పదిహేడు రోజులు ఊళ్లు తిప్పారు. నేను పెద్ద తెలివైనదాన్నని ఆ పువ్వు పక్కనే కూర్చుని నియమాలు రాసుకున్నాను.

అప్పుడు కూడా ఆయన డబ్బులు తీసి ఆవిడకు ఇవ్వబోయారు.

"మా సెక్షన్‌లో ఇరవై ఆరు మంది మినాయో. నేను లేని రోజులన్నీ నా పని వాళ్లే చేస్తున్నారు. లేనందుకు ఏదో ఒకటి చేతిలో పెట్టాలి కదా. ఉత్త చేతులతో ఎలా వెళ్లను?"

"ఇరవై మూడేళ్లు ఇంట్లో లేవు నువ్వు" అన్నాను. "లేనందుకు నాకేం తెచ్చావు?"

పెళ్లయ్యాక ఆయన్ని నువ్వు అనడం ఇదే మొదలు. అరిచినట్టున్నాను. పక్కనున్న కూరగాయల వాళ్లు తల తిప్పి చూశారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు జాలి కలగలేదు. ఇంకా కోపం వచ్చింది.

ఇరవై ఆరు పొట్లాలూ కొన్నారు.

మే 26, సోమవారం. లువాంగ్ ప్రబాంగ్

మాటల్లేవు. నాకు వేరే గది. ఏసీ, స్నానాల తొట్టి, పొద్దున పళ్లరసం. నియమాలా? ఏ నియమాలు?

ఈయన రోజుకు రెండుసార్లు తలుపు బయట టీ పెట్టి వెళుతున్నారు. మేనేజరు దగ్గర నేర్చుకున్న విద్య. చల్లారాక తాగుతున్నాను, ఆయనకు తెలియకుండా.

మే 31, శనివారం. వియంతియాన్

నేను వెళ్లనని విమానాశ్రయం గుమ్మం దాకా చెబుతూనే ఉన్నాను. ఆయన గుమ్మం దాకా నమ్మలేదు.

"ఒక్కదానివి ఎలా తిరుగుతావు?"

"ఇరవై మూడేళ్లు ఒక్కదాన్నే భోంచేశాను. తిరగలేనా?"

"కోపంలో అంటున్నావు."

"అవును. కోపంలోనే అంటున్నాను. కోపం తగ్గాక కూడా ఇదే అంటాను. ఆరు నెలలు అన్నాను, ఆరు నెలలే."

లైను కదిలింది. రెండడుగులు వేసి వెనక్కి వచ్చారు. అందరి మధ్యలో పెట్టె తెరిచారు. నాచు, బిళ్లలు, మడతపెట్టిన చొక్కాలు. వాటి కింద నుంచి కొబ్బరి చుట్టల పొట్లం ఒకటి తీసి, రెండు చేతులా పట్టుకుని, ఆఫీసులో వంగినట్టే నడుం దాకా వంగి నా ముందు చాచారు.

"నేను ఇంట్లో లేనందుకు" అన్నారు.

ఇరవై మూడేళ్లకు ఒక కొబ్బరి చుట్ట. మంచి బేరం. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. అనలేదు. అందుకున్నాను. నా నడుం కూడా దానంతట అదే వంగింది. వెనకున్న వాళ్లు మేమేదో పూజ చేస్తున్నామనుకుని దారి ఇచ్చారు.

ఆయన లోపలికి వెళ్లారు. పెట్టె చక్రం ఒకటి ఊడిపోయి ఉంది. ఈడ్చుకుంటూ వెళ్లారు.

బస్టాండుకు నడిచాను. టాక్సీ ఎక్కలేదు.

జూన్ 2, సోమవారం. నాంగ్ ఖాయ్

నది దాటి పక్క దేశంలోకి వచ్చాను. ఫ్యాను గది. మళ్లీ మొదలు.

ఒకటి. ఒక్క సంచి. తూచాను. ఆరున్నర కిలోలు. మోసేదాన్ని నేనే కాబట్టి సర్దేదాన్నీ నేనే.

రెండు. టాక్సీ లేదు, ఏసీ లేదు.

మూడు. ఏమీ కొనకూడదు. బరువు లేనివి కూడా.

నాలుగు. ఎవరినీ దెప్పకూడదు. ఇది తేలిక. ఎదురుగా ఎవరూ లేరు.

సాయంత్రం ఆయన ఫోన్ చేశారు. చుట్టుపక్కల చప్పుడును బట్టి ఇంకా ఆఫీసులోనే ఉన్నారు.

"ఒకటి తక్కువైంది" అన్నారు.

"వాళ్లకు ఏం చెప్పారు?"

"ఇంట్లో ఇచ్చానని చెప్పాను. అందరూ నావైపే చూశారు. మేనేజరుకు లేకుండా పోయింది."

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన కూడా నవ్వారు, మెల్లగా, పక్కవాళ్లకు వినపడకుండా.

"రాత్రికి ఏం తింటున్నారు?" అన్నాను.

"ఇంటికెళ్లి చూడాలి. నువ్వు లేవు కదా" అన్నారు.

ఫోన్ పెట్టేశాక నది ఒడ్డున నడిచాను. ఒక ముసలావిడ బుట్టలో ఎండబెట్టిన అరటిపండు ముక్కలు, తేనె పూసినవి, గట్టిగా మూసిన పొట్లాలు. దాటి వెళ్లిపోయాను. వెనక్కి వచ్చాను. ఒక్క పొట్లం. తేలిక, బరువే లేదు. ఇన్నాళ్లు ఇంట్లో లేకుండా తిరిగి, ఉత్త చేతులతో ఎలా వెళ్లను?

ఫోన్‌లో క్యాలెండర్ తెరిచి, నవంబరు మీద వేలు పెట్టి చూపించాను. అప్పటిదాకా పాడవదని ఆవిడ తల ఊపింది.

రేపటి నుంచి మాత్రం ఏమీ కొనకూడదు.