కుడిచేతి పాఠం

ప్రొద్దుటూరు, శుక్రవారం రాత్రి

ఒళ్లు మండిపోతోంది. ఈయన మీద, నా మీద కూడా.

సాయంత్రం టీవీలో వారం వారం వచ్చే చిల్లర దొంగల సీరియల్ నడుస్తోంది. గొర్రెల దొంగ ఓబులేసు మా హాల్లో కూర్చుని, రేపు జమ్మలమడుగు కోర్టులో చెప్పాల్సిన మాటలు నేర్చుకుంటున్నాడు. పులివెందుల పక్క ఎవరో పెద్దమనిషి చేసిన హత్యను వీడు నెత్తిన వేసుకోవాలట. వీడి పెళ్లాం బిడ్డల్ని ఆ పెద్దమనిషి వాళ్లు చూసుకుంటారట. నేర్పేది వకీలైన నా మొగుడు.

"ఏ చేత్తో నరికినావురా?"

"ఎడం చేత్తో సార్."

"కుడిచేత్తో అని ఎన్నిసార్లు చెప్పాలప్పా నీకు! గాయాలు అట్లుండాయి."

"గొర్రెనైనా ఎడం చేత్తోనే పట్టేది సార్. అలవాటు యాడికి పోతాది?"

ఈయన పడీపడీ నవ్వాడు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను.

అంతలో టీవీలో రౌడీలు ఒక జేబుదొంగను హత్యకేసులో ఇరికించారు. ఈ వారానికి అక్కడితో ఆపేశారు.

"అమ్మా, వచ్చే వారం వాన్ని ఇడిసిపెడతారా?" అని నన్నడిగాడు ఓబులేసు.

"ఆ, వదిలేస్తారులే," అన్నాను.

ఎందుకన్నాను? పోవద్దురా అనడానికి నోరెందుకు రాలేదు? ఇంత చదివింది ఇందుకేనా? భయమా, మొగుడి పరువా...

వాడు వెళ్తూ గేటు దగ్గర ఆగాడు. కుడిచెయ్యెత్తి గాలిని నరికి చూసుకున్నాడు. కుదరలేదేమో, మళ్లీ నరికాడు.