పొట్టేలంత బరువు

మార్చి 3

ప్రియమైన పిచ్చుకకు,

నెలాఖరుకు తప్ప ఉత్తరం రాయని నేను ఇప్పుడే రాయడానికి కారణం మీ తాతయ్య. నువ్వు సెలవులకు వచ్చి వెళ్లిన నెలకు ఆయనకు దురద మొదలైంది. వేళ్ల సందుల్లో, నడుము చుట్టూ. రాత్రయితే మరీ ఎక్కువ. డాక్టరు దగ్గరికి పదండంటే కదలరు. మన గొర్రెలకు పురుగులు పోవడానికి తాగించే ఐవర్‌మెక్టిన్ సీసా పట్టుకుని, దురదకు మనుషులకూ ఇదే ఇస్తారట కదా అంటారు. నిన్న గొర్రెల్ని తూచే కాటా ఎక్కి బరువు కూడా చూసుకున్నారు.

"పెద్ద పొట్టేలంత ఉన్నాను. దానికెంతో నాకూ అంతే" అన్నారు.

సీసా బీరువాలో పెట్టి తాళం వేశాను. మందుల షాపులో పనిచేసేదానివి, నువ్వు చెబితే వింటారు.

నీ క్షేమం కోరే
నాయనమ్మ

మార్చి 9

ప్రియమైన నాయనమ్మకు,

ఆ తాళం తియ్యకు. మందు పేరు ఒకటే అయినా గొర్రెల మందు గాఢత వేరు, అందులో కలిపేవి వేరు. మోతాదు మించితే ప్రాణం మీదికి వస్తుంది. మనుషులకు వేరే మాత్రలున్నాయి, డాక్టరు చూసి రాయాలి. నువ్వు చెప్పినదాన్ని బట్టి ఇది గజ్జిలా ఉంది. పశువుల డాక్టరు వస్తే పొట్టేలైనా నిలబడుతుంది, తాతయ్యనూ కాస్త నిలబడమను.

షాపులో పని బాగానే ఉంది. నా చేతులు కూడా బాగానే ఉన్నాయి. సబ్బు మార్చాను.

నీ పిచ్చుక

మార్చి 14

ప్రియమైన పిచ్చుకకు,

నీ చేతుల సంగతి నేనడగలేదు.

ఉత్తరం తాతయ్యకు చదివి వినిపించాను. నీ చేతుల మాట దగ్గర తల దించుకున్నారు. నువ్విక్కడ ఉన్నప్పుడు గోక్కోవడం చూశారట. నువ్వు వెళ్లాక నీ దుప్పటే ఆయన కప్పుకున్నారు. డాక్టరైతే ఇంట్లో ఇంకెవరికుందని అడుగుతాడు, నీ పేరు చెప్పాలి, అది షాపుదాకా పాకితే నిన్ను మాన్పిస్తారు. అదీ ఆయన భయం.

"పిల్ల పొట్ట కొట్టడమెందుకు, ఆ సీసాలోదేదో నేనే తాగితే సరిపోతుంది కదా" అన్నారు.

నలభై ఏళ్లుగా గొర్రెల్ని కాస్తే మనిషికి అబ్బే తెలివి ఇదేనా అని, నిన్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. మా ఇద్దరికీ మాత్రలు రాశాడు. నీ సంగతి నేనే చెప్పాను. ఇది మందుకు లొంగే జబ్బే, దాచుకోవాల్సింది కాదన్నాడు.

ఇక జరగాల్సినవి:

1. ఈ ఉత్తరం అందిన రోజే డాక్టరుకు చేతులు చూపించు.
2. నీ గదిలో ఉండే అమ్మాయికి చెప్పు. ఇద్దరూ ఒకే రోజు మందు వాడాలి. బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి.
3. షాపు యజమానికి నువ్వే చెప్పు, ఇంకొకరి నోట వినకముందే. మాన్పిస్తే ఇంటికి రా. మన కాటా దగ్గర నిలబడే మనిషి కావాలి.
4. తాతయ్యకు విడిగా ఉత్తరం రాయి. ఆయన కళ్లజోడు బాగుచేయించాను. అది నేను చదవను.

నాయనమ్మ