శనివారం నాటి మందారాలు

మే 4, ఆదివారం

పొద్దున్నే పక్కింటి రవీందర్‌ను కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయారు. వారం నుంచి దగ్గు. ఇవాళ ఊపిరే అందలేదు. అతని భార్య లలిత అంబులెన్స్ ఎక్కి మళ్లీ దిగింది. కాళ్లకు చెప్పులు లేవు. ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"అక్కా, మందార చెట్టు నీకు అప్పజెప్తున్న. ఎన్ని పూస్తె అన్ని అంజన్న ముందట పెట్టు. ఒక్కటి గూడ చెట్టు మీద వాడనియ్యకు. నువ్వు మొక్కితె ఇంటడు."

"పెడత. నువ్వు పైలం బిడ్డా."



మే 5, సోమవారం

స్నానం చేసి వాళ్ల గేటు తీశాను. ఒంటి రెక్క ఎర్ర మందారాలు. పళ్లెం నిండింది. ఆంజనేయస్వామి పటం కనబడకుండా పెట్టాను. రవీందర్ పేరు చెప్పుకున్నాను, గోత్రం తెలియదు. పేరు చాలు.

మే 6, మంగళవారం

సాయంత్రం లలిత ఫోన్. గొంతులో పైపు వేశారట. కళ్లు తెరవడం లేదు.

"పెట్టినవా అక్కా?"

"పెట్టిన."

"ఇగ నాకు జర నిమ్మళం."

అంతే మాట్లాడింది. రోజూ ఆ ఒక్క ప్రశ్నకే ఫోన్ చేస్తుంది.

మే 8, గురువారం

విజయ వచ్చింది, మంచిర్యాల నుంచి. మా అక్కచెల్లెళ్లలో చిన్నది. పకపకా నవ్వుతుంది, ఇల్లంతా వినబడేట్టు. ఆదివారం దాకా ఉంటుంది.

శనివారం హనుమాన్ చాలీసా వంతు మా ఇంట్లో. పన్నెండు మంది వస్తారు. పోయిన నెల సులోచన ఇంట్లో అయింది — మామిడిపండు జ్యూస్, పొడుగు గాజు గ్లాసులు, పైన జీడిపప్పు. నెలంతా అదే ముచ్చట.

"ఏం పోస్తవే అక్కా ఈసారి?"

"మజ్జిగ."

"ఎన్నేండ్లు పోస్తవే ఆ మజ్జిగ! నీ ఇంటికి పుణ్యం కోసం వస్తరు గని నోటి కోసం ఎవ్వలు రారు."

నవ్వులాటకే అన్నది. నాకు గుచ్చుకుంది. ఈ వయసులో, పూజగది ముందు కూర్చొని, గుచ్చుకోవాల్సిన మాట కాదు.

ఫోన్‌లో ఏదో చూపించింది. మందార పూల టీ. వేడిది కాదు, మంచుముక్కలు వేసి. రంగు మాత్రం కుంకుమలా…

మే 9, శుక్రవారం

చేసి చూశాం.

పూల తొడిమలు, నడిమి కేసరం తీసేయాలి. మరిగిన నీళ్లు దించి, రెక్కలు వేసి మూత. ఎక్కువసేపు ఉంచితే జిగురు వస్తుంది. మొదటిసారి వచ్చింది, పారబోశాం. రెండోసారి కుదిరింది. రెక్కలు తెల్లబోయి పాత గుడ్డ పేలికల్లా మిగిలాయి. నీళ్లు వంకాయ రంగు. వడకట్టి, పటికబెల్లం వేసి, చల్లారాక నిమ్మకాయ పిండాను — ఒక్క క్షణంలో ఎర్రగా అయిపోయింది. ఇద్దరం చిన్నపిల్లల్లా గిన్నెలోకి చూస్తూ నిలబడ్డాం.

మా ఆయనకు ఒక గ్లాసు ఇచ్చాను. తాగి, "ఇది దేనికి మందు?" అన్నారు. విజయ నవ్వి నవ్వి కూలబడింది.

ఈ రోజు స్వామికి ఐదు పూలే. మిగతావన్నీ గిన్నెలోకి. ఐదు తక్కువా, అనుకున్నాను. ఎవరు లెక్కపెడతారు, అని కూడా అనుకున్నాను. అనుకున్నది రాయాలి కదా.

మే 10, శనివారం

రాయడానికి చేయి రావడం లేదు. రాస్తాను.

పొద్దున పళ్లెం నిండుగా వచ్చాయి. సగం స్వామికి, సగం టీకి — అది నా మనసులో లెక్క. విజయ గిన్నె చూసింది. "పన్నెండు మందికి ఇవ్వేడ సరిపోతయే? రంగే రాదు." పళ్లెంలోంచి గుప్పెడు తీసింది. నేను వద్దనలేదు. మళ్లీ గుప్పెడు. వద్దనలేదు. పళ్లెంలో కొన్ని మిగిలాయి. రంగు ఇంకా పలుచగానే ఉంది. ఆ మిగిలినవి విజయ వేయలేదు. నేనే వేశాను.

స్వామికి తులసి దళం పెట్టాను. తులసి ఏం తక్కువ అనుకున్నాను.

నాలుగింటికి అందరూ వచ్చారు. చాలీసా అయింది. పటం బోసిగా ఉంది, కళ్లు మూసుకొని చదివాను. తర్వాత గ్లాసులు. పుదీన ఆకు, మంచుముక్కలు, పైన ఒక్కో నిమ్మబద్ద. బయట ఎండ పెనంలా ఉంది. ఒక్కసారిగా అందరూ — అబ్బ! ఏందక్కా గిది! ఎట్ల జేసినవ్! ఇంకో గ్లాసు పొయ్యి!

సంతోషమైంది. చాలా. ఎన్నో ఏళ్లుగా చాలీసా చదివిస్తున్నాను, నన్ను చూసి ఎవరి ముఖమూ ఇట్లా వెలగలేదు.

సులోచన గ్లాసు చేతిలో పట్టుకొని పటం వైపు చూసింది.

"అక్కా, ఇయ్యాల స్వామికి ఒక్క పువ్వు లేదేంది?"

"ఎండకు పుయ్యలే."

ఎంత తొందరగా వచ్చిందో ఆ మాట. విజయ పెదవి కొరుక్కొని వంటగదిలోకి పోయింది.

చీకటి పడే వేళకు లలిత ఫోన్. ఏడుస్తుంది. డాక్టర్లు ఈ రాత్రి గడవాలన్నారట.

"పెట్టినవా అక్కా?"

గ్లాసులు ఇంకా కడగలేదు. అన్నీ నా ముందే ఉన్నాయి.

"పెట్టిన."

మే 11, ఆదివారం

చీకటితోనే లేచి చెట్టు కిందికి పోయాను. మొగ్గలు ఇంకా విప్పుకోలేదు. విప్పుకునే దాకా అక్కడే నిలబడ్డాను. అన్నీ తెచ్చి పెట్టాను. అపరాధం అనే మాట నోటికి రాలేదు. ఏం అడగలేదు.

పది గంటలకు ఫోన్ మోగింది. తీయడానికి భయమైంది.

"అక్కా! కండ్లు తెరిచిండు! నన్ను జూసి చెయ్యి లేపిండు! పైపు తీస్తమంటున్రు!"

ఫోన్ చెవికి పెట్టుకొనే పూజగది వైపు చూశాను.

"నిన్నటి పూలే అక్కా. నిన్న నువ్వు పెట్టిన పూలే. నాకెర్కే."

స్వామీ, శిక్ష వేస్తే మోసేదాన్ని. ఇది ఎట్లా మోయను?

విజయ మధ్యాహ్నం బస్సుకు పోయింది. బస్టాండ్‌లో అన్నది — "ఊకో అక్కా. దేవుడు గూడ ఎండకు సల్లటిదే తాగుత అనుకున్నడేమో. మనిషి బతికిండు గద, ఇంకేం ఫికర్?" నవ్వింది. నేను నవ్వకపోయేసరికి నా చెంప తడిమి బస్సెక్కింది.

మే 12, సోమవారం

పూలన్నీ స్వామికే.

మే 14, బుధవారం

లలిత ఎవరెవరికి ఫోన్ చేసిందో. కూరగాయల బండి దగ్గర ఇద్దరు ఆపారు. నేను మొక్కితే అయితదట. ఒకావిడ తన బిడ్డకు సంతానం లేదని పేరు చీటీ మీద రాసి చేతిలో కుక్కింది. వద్దనలేకపోయాను. వద్దంటే కారణం చెప్పాలి. చీటీ పూజగదిలో పెట్టలేదు, పప్పుడబ్బా కింద ఉంది. అక్కడ ఎందుకు పెట్టానో.

ఆ బిడ్డ కోసం మొక్కాను. నా మాట మీద కాదు, నీ దయ మీద — అని.

మే 15, గురువారం

విజయ ఒక పొట్లం పంపింది. ఆదిలాబాద్ వైపు వాళ్ల అత్తగారి ఊరు. అక్కడి అంగట్లో దొరుకుతాయట, ఎండబెట్టిన ఎర్ర తొక్కలు. అంబాడి అంటారట వాళ్లు. మన పుంటికూర కాయలవే, గోంగూర జాతి. వీటితోనూ అదే టీ అవుతుందట. ఫోన్‌లో అన్నది — "ఇగ ఎవ్వలి చెట్టు ముట్టుకునే పని లేదు నీకు."

పొట్లం విప్పలేదు.

మే 16, శుక్రవారం

సులోచన వచ్చింది. ఖాళీ సీసా పట్టుకొని.

"కోడలు ఒక్కటే పోరు పెడ్తుంది అక్కా, గా టీ ఎట్ల జేసిన్రో అడుగుమని. ఎన్ని పూలు గావాలె?"

"ఇన్ని అని లేదు. గుప్పెడు."

"పన్నెండు మందికి గుప్పెడేనా?" సీసా మూత తిప్పింది. "మరి ఆ దినం పూలు పుయ్యలే అంటివి గద."

నేను ఆమె చేతిలోని సీసా వైపు చూశాను. ఆమె రెట్టించలేదు. సీసా నేలమీద పెట్టి, మళ్లీ తీసుకొని, "సరే అక్కా, పోయొస్త" అన్నది. గేటు మెల్లగా వేసింది. విసురుగా వేసినా బాగుండేది.

మే 18, ఆదివారం

రవీందర్ ఇంటికి వచ్చాడు. ఆటోలోంచి దిగడానికి ఇద్దరు పట్టుకున్నారు. పత్తి మార్కెట్లో కాంటా దగ్గర బోరాలు ఎత్తి పడేసిన మనిషి. చొక్కా లోపల మనిషి ఉన్నాడా లేడా అన్నట్టుంది. నన్ను చూసి రెండు చేతులూ జోడించబోయాడు. ఒక్క చేయే లేచింది.

తాళంచెవి ఇచ్చేశాను. లలిత అన్నది, పూలు మాత్రం నువ్వే కొయ్యాలె అక్కా, ఇగ ఎప్పటికి నువ్వే.

మే 19, సోమవారం

ఎప్పుడు చెప్పాలి. ఆమె తిన్నాక? కంటినిండా నిద్రపోయాక? ఆయన కోలుకున్నాక?

సులోచన అడగకపోయి ఉంటే చెప్పాలనుకునేదాన్నా… ఇది కూడా నిజాయితీ కాదు. ఇంకెవరో చెప్పకముందే చెప్పాలనే భయం. సిగ్గులో కూడా నా పరువు లెక్కే.

మే 20, మంగళవారం

చెప్పాను.

లలిత పళ్లెం తెచ్చింది. జాకెట్ గుడ్డ, గాజులు, కొబ్బరికాయ. బొట్టు పెట్టి కాళ్లు మొక్కబోయింది. వెనక్కి జరిగాను. వీపుకు గోడ తగిలింది.

"మొక్కకు లలితా. శనివారం నేను పూలు పెట్టలే."

"ఏ శనివారం?"

"మరుసటి రోజు రవీందర్ కండ్లు తెరిచిండు చూడు… ఆ ముందటి రోజు. పూలన్నీ టీలో వేసిన. చాలీసాకు వచ్చినోళ్లకు పోసిన."

టీ. ఎంత చిన్న మాట. 

"ఒక్కటి గూడ పెట్టలేదా?"

"లే."

"నేను అడిగితె పెట్టిన అంటివి."

"అన్న."

చాలాసేపు గాజుల వైపు చూసింది.

"ఆ రాత్రి నాకు దవాఖానల ఎవ్వలు లేకుండె అక్కా. మా ఆడబిడ్డ గూడ ఇంటికి పోయింది. మెట్ల మీద కూసున్న. భయమైతె ఏమనుకున్ననో ఎర్కేనా? ఇంటికాడ అక్క ఉన్నది, అక్క నా కోసం కూసున్నది అనుకున్న. గదే అనుకుంట తెల్లారగొట్టిన."

కొంగుతో ముఖం తుడుచుకుంది. 

"టీ తాగినవా నువ్వు?"

"తాగిన."

"బాగుండెనా?"

దెప్పడం కాదు. నిజంగానే అడిగింది. అందుకే తట్టుకోలేకపోయాను. బాగుండె అన్నాను.

లేచింది. పళ్లెం తీసుకుపోలేదు. గడప దగ్గర ఆగింది.

"ఆయనకు జెప్పకు. అక్క పూలతోటి లేచినవ్ అని నేనే చెప్పిన. గా ధైర్యం మీదనే రెండు ముద్దలు తింటుండు. నాకు కోపం ఉన్నది అక్కా. శానా ఉన్నది. గని ఆయనకు జెప్పకు."

మే 21, బుధవారం

చెట్టు దగ్గరికి పోలేదు. పొద్దున లలిత తనే కోస్తున్నది. గోడ మీదుగా తల మాత్రం కనిపించింది. పలకరించలేదు. నేనూ లోపలికి వచ్చాను.

జాకెట్ గుడ్డ అట్లాగే ఉంది. తిరిగి ఇస్తే అవమానం. ఉంచుకుంటే…

మే 22, గురువారం

సులోచనకు ఫోన్ చేశాను. ఆ రోజు పూలు పూశాయి, అబద్ధం చెప్పాను అన్నాను. ఏ చెట్టువో ఎందుకో చెప్పలేదు, అది లలిత చెప్పుకోవాల్సింది.  "నాకు గప్పుడే ఎర్కైంది అక్కా," అన్నది. వచ్చే నెల వంతు ఎవరిదో మాట్లాడుకున్నాం. ఆమె గొంతులో జాలి. సులోచన జాలి పడింది నా మీద. పడాల్సిందే.

మే 23, శుక్రవారం

పారాయణం సగంలో ఆగిపోయింది. నోరు చదువుతుంది, చెవి వినడం లేదు.

మే 24, శనివారం

సాయంత్రం రవీందర్‌ను గోడ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. నేను బట్టలు తీయడానికి పోయాను. చూడనట్టు తిరిగి వద్దామనుకున్నాను.

"వదినె! ఏంది, మా దిక్కు వస్తనే లేవు? నేను లేస్తె నీ పని అయిపోయిందా?"

గొంతు ఇంకా జీరగానే ఉంది. నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చింది. లలిత పెరట్లో చీర పిండుతున్నది, తల తిప్పలేదు.

"మంగళారం కొండగట్టు అంజన్న దగ్గరికి పోదామంటున్న. డాక్టరు వద్దన్నడు. నేను పోత అన్న. మెట్లు ఎక్కలేను గని పైదాక బండ్లు పోతయట. నువ్వు గూడ రావాలె. నువ్వు లేకుంటె నేను పోను."

"చూద్దాంలే. ముందు నిమ్మళం కానియ్యి."

"అయిన గద. నడుస్తున్న, తింటున్న. డాక్టరు గూడ పరేషాన్ అయిండట." ఊపిరి కోసం ఆగాడు. కుర్చీ చేతులు పట్టుకొని కొంచెం ముందుకు వంగాడు. ముఖంలో నవ్వు పోయింది.

"ఒక్కటి అడుగుత వదినె. ఆ శనివారం ఏమని మొక్కినవ్ నా కోసం? గవే మాటలు స్వామి ముందట నేను గూడ అనాలె. నాకేం మొక్కరాదు, నీకెర్కే గద. నువ్వు ఏమన్నవో చెప్పు, నేర్చుకుంట."

లలిత చేతులు ఆగాయి. చీరలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. చూపు నా మీదికి రాలేదు, నేలమీదే.

 గాలికి తీగ మీద బట్టలు ఒకటే కొట్టుకుంటున్నాయి.

"యాదికున్నదా వదినె, మర్చినవా?"

యాదికున్నది, అన్నాను.