చేతికి కొలతలు

బంగారు పిన్నీ,

కోడి గెలికినట్టున్న ఈ అక్షరాలు చూసి ఏ చంటిపిల్లో రాసిందనుకోకు. నేనే, ఎడమచేత్తో రాస్తున్నాను. సరిగ్గా వినపడదని నువ్వు ఫోను ఎత్తవు కాబట్టి నాకీ తిప్పలు తప్పలేదు.

పోయిన ఉత్తరం పక్కింటి టీచరమ్మ చేత రాయించి, చేతికి కాస్త సెగ తగిలిందని చెప్పాను. అబద్ధం. ఆ రోజు మా బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ ఆయన సెలవు పెడితే, ఆవిరి ఇస్త్రీ మిషను దగ్గర నేను నిలబడ్డాను. గుడ్డ మీద చెయ్యి పడగానే కాలితో కుట్టుమిషను తొక్కడం మనకి చిన్నప్పటి అలవాటు కదా. చెయ్యి కాలరు సర్దింది, కాలు పెడలు తొక్కింది, పై పలక దిగిపోయింది. తప్పు ఎవరిదీ కాదు, నువ్వు నేర్పిన కాలిది.

కుడిచేతి వెనకవైపంతా లోతుగా కాలింది. కాలిన చర్మం తీసేశాక వేళ్ళని లాగే నరాలు దారాల్లా బయటపడ్డాయి. తొడ మీది పల్చటి చర్మం వాటి మీద పట్టదట. అందుకని ఎల్లుండి నా చేతిని తీసుకెళ్ళి పొట్టకి కుట్టేస్తారు. మూడు వారాలకి పొట్ట చర్మం చేతికి అతుక్కుంటుంది, అప్పుడు విడదీస్తారు. "చెయ్యి దక్కుతుందమ్మా, వేళ్ళు ఎంతవరకు వంగుతాయో మాత్రం ఇప్పుడే చెప్పలేను" అన్నారు పెద్ద డాక్టరుగారు.

గుండీకి కాజా కుట్టలేనిదాన్ని నువ్వు దర్జీ అనవు. నా మొదటి కాజా పదకొండుసార్లు విప్పించావు. "విప్పు, మళ్ళీ కుట్టు" తప్ప నీ నోట ఇంకో మాట లేదు. అంత ఏడ్చి నేర్చుకున్న పని ఇక నాది కాదేమో అని గుండెలో ఒకటే దిగులు. అందుకే నువ్విచ్చిన కుట్టుమిషను నా పక్క సీటు అమ్మాయికి, మా పొడుగుపిల్లకి, ఇచ్చేద్దామనుకుంటున్నాను. నా గదిలో అది తుప్పు పట్టడం చూడలేను. ఇక రాయలేను, ఎడమచెయ్యి కూడా పీకుతోంది.

నీ అబద్ధాలకోరు కూతురు

* * *

నా తల్లి పిన్నికి,

నీ ఉత్తరం అందింది. "మిషను ఎవరికీ ఇవ్వకు." మూడు మాటలకి అంత పెద్ద కవరు దండగ కాదూ? ఇంకా ఇవ్వలేదులే.

ఆపరేషన్ అయిపోయి పది రోజులైంది. అంతకు ముందురోజు ఏం జరిగిందో నీకు చెప్పకపోతే నా కడుపుబ్బిపోతుంది. కట్టు మార్చేటప్పుడు చిన్న డాక్టరు నా గాయం మీద పల్చటి గుడ్డ పరిచి, అంచు వెంబడి కత్తిరించాడు. ఆ ముక్కని నా పొట్ట మీద పెట్టి చుట్టూ గీత గీశాడు. అచ్చం మనం జాకెట్టు కత్తిరించినట్టే. చూస్తూ ఊరుకోలేకపోయాను.

"డాక్టరుగారూ, కుట్టుకి వదల్లేదేంటండీ?" అన్నాను.

"అంటే?"

"కొలతెంతుందో అంతే గీశారు. కుట్టులోకి పోయేది పోతే చాలదు కదండీ. మా పిన్నైతే ఈపాటికి స్కేలుతో ఒకటిచ్చేది."

వెనకే నిలబడ్డ పెద్ద డాక్టరుగారు పడీపడీ నవ్వారు. "చర్మం కోశాక ముడుచుకుంటుంది, కాస్త ఎక్కువ ఉంచుకోవయ్యా అని వారం నుంచి మొత్తుకుంటున్నానమ్మా. నీ మాటైనా వింటాడేమో" అని, తనే కాస్త ఎడంగా ఇంకో గీత గీశారు. అప్పటినుంచి వార్డులో అందరూ నన్ను మాస్టరుగారనే పిలుస్తున్నారు. చిన్న డాక్టరు రోజూ వచ్చి, తన కుట్లకి మార్కులెన్నని అడుగుతాడు. నూటికి అరవై ఇచ్చాను. మొహం మాడ్చుకున్నాడు.

పొట్ట చేతపట్టుకుని పట్నం పోతున్నానని కన్నీళ్ళు పెట్టుకున్నావే, ఇప్పుడు చూడు, నిజంగానే పట్టుకుని కూర్చున్నాను. తుమ్మొస్తే భయం, నవ్వొస్తే ఇంకా భయం. పొడుగుపిల్ల రోజూ వచ్చి, అన్నం తినిపించి, జడ వేసి, నవ్వించి మరీ పోతుంది. చెయ్యి కదపకుండా తొడుక్కోవడానికి, ఒక పక్కంతా తెరుచుకునే చొక్కా కుట్టి తెచ్చింది. అంచు కుట్టు వంకర పోయింది. "విప్పు, మళ్ళీ కుట్టు" అన్నాను. నా నోట నీ మాట విని ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

పొట్టే చేతిలో ఉన్న నీ పిల్ల

* * *

పిన్నీ,

చెయ్యి విడదీసి ఐదు నెలలైంది. అతికిన చోటు ఉబ్బుగా, దూది ఎక్కువ కూరిన దిండులా ఉంటుంది. నువ్వు చూస్తే మొహం చిట్లిస్తావు. అది పొట్ట చర్మం కాబట్టి నేను లావెక్కితే అదీ లావెక్కుతుందట. తర్వాత ఇంకో ఆపరేషన్ చేసి పల్చబరుస్తామన్నారు పెద్ద డాక్టరుగారు. "ఫిట్టింగు సరిచేస్తారన్నమాట" అన్నాను. అవునని ఒప్పుకున్నారు.

వేళ్ళకి కసరత్తు చేయించే ఆవిడ నీకు చెల్లెలుగా పుట్టాల్సింది. ముందు బంతి పట్టించింది, తర్వాత పెన్సిలు, పోయిన నెల సూది. మొదటిరోజు సూది ఎన్నిసార్లు జారిపడిందో లెక్కలేదు. "ఇవాల్టికి చాలమ్మా" అని ఆవిడే జాలిపడింది. మా ఇంట్లో చాలనే మాట వాడమండీ అని మళ్ళీ పట్టుకున్నాను.

ఈ ఉత్తరం కుడిచేత్తో రాస్తున్నానని అక్షరాలు చూసి నీకీపాటికి తెలిసే ఉంటుంది. మిషను నా గదిలోనే ఉంది. సాయంత్రాలు పొడుగుపిల్ల వచ్చి దాని మీద కుడుతుంది, నేను పక్కన కూర్చుని విప్పిస్తాను. పాపం, నన్ను తిట్టుకుంటూనే నేర్చుకుంటోంది.

కవరులో తెల్ల గుడ్డముక్క ఉంటుంది, చిత్తనుకుని పారేయకు. దాని మీద ఒక కాజా ఉంది. నిన్న పగలంతా కూర్చుని కుట్టాను, ఈ చేత్తోనే. కుడివైపు మూడో కుట్టు వదులుగా ఉంది, నాకు తెలుసు. నువ్వు గోరు పెట్టి చూస్తావు, పెదవి విరుస్తావు, విప్పి మళ్ళీ కుట్టమంటావు.

అను పిన్నీ. ఆ మాట కోసమే పంపుతున్నాను.

నీ దర్జీ