కొండ వెనక రంగు

అన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. నీ బుల్లి రైలు ఇయ్యాల నడిచింది!

ఫిల్మ్‌నగర్‌ల సినిమా సెట్లు వేసుట్ల మొనగాడివే గానీ, వైరింగ్ మాత్రం దరిద్రంగ చేసినవ్. పట్టాలు గుండ్రంగ తిరిగొచ్చి మళ్ల అదే లైన్ల కలిసే కాడ ఎడమ పట్టా కుడి పట్టాకు తాకి షార్ట్ అవుతుండె. రైలు నడవకుంటే అది పెట్టిన గదిల కుట్టుమిషన్లు పెడతనని వదిన ఖరాఖండిగ చెప్పింది. గందుకే గాడ పట్టాలు కోసి, కరెంటు దిక్కును తనంతట తానే మార్చే డబ్బా పెట్టిన.

వదిన లోపలికి రాంగనే ఫోన్ల రైలు నడిపే యాప్‌ల ఇంజన్ నంబరు నొక్కి కూత వేయించిన. "నీ పాడుగాను!" అని ఎగిరిపడ్డది. తర్వాత రైలు వెంబడే బల్ల చుట్టూ తిరిగి, నువ్వు చేసిన బొమ్మ కొండ వెనక ఉట్టి చెక్క చూసి ఆగింది.

"కెమెరాకు కనపడే దిక్కే రంగేసిండు మీ అన్న. రైలెక్కినోళ్లు ఈడ ఏం చూడాలె?"

ఇప్పుడు పచ్చరంగు కలుపుతున్నది. మిషన్లు వరండాల పెట్టుకుంటదట.