సత్యానికి దర్భబొమ్మ

చోడవరం, 1957, మంగళవారం రాత్రి

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, హోటల్లో చట్నీ నీళ్ళలా ఉన్నందుకు నిరసనగా నేనీ రోజు నాలుగిడ్లీలకు బదులు మూడే తిన్నాను.

ఆ తర్వాత అసలు ఒళ్ళు మండింది. నా చిన్ననాటి జతగాడు సత్యం యుద్ధంలో విమానంతో సహా బర్మా వైపు సముద్రంలో పడిపోయి పన్నెండేళ్ళు. శవం దొరకలేదు. ఇన్నాళ్ళూ తమ్ముడి పేరెత్తని వాడి అన్న నాయుడు ఈ రోజు పురోహితుణ్ణి పిలిచి, దర్భలతో బొమ్మ కట్టించి దహనం చేయిస్తానన్నాడు. బొమ్మ కాలితే సత్యం పెళ్ళాం నరసమ్మ విధవ. ఆవిడ గుమ్మంలో నిలబడి బొట్టుకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఆడి ఆత్మ తిరగబట్టే మన సెరకు ఎర్రబారిపోతంది” అన్నాడు నాయుడు.

“విమానమెక్కి యుద్ధం సేసినోడు నీ సెరకు కొరకడానికొస్తాడేటన్నా?” అన్నాను.

అంతటితో ఊరుకోలేదు. సత్యం విమానంలోంచి దూకి ఈదడం ఓడ మీంచి చూసిన నేవీ మనిషి ఒకడు విశాఖ రేవులో కలిశాడన్నాను. చూసినవాడుండగా కర్మ చేయించనని పురోహితుడు దర్భలు చుట్టుకుని వెళ్ళిపోయాడు.

నరసమ్మ నా వెనకే వీధిలోకి వచ్చింది. “అన్నియ్యా, రేపు నన్ను ఆ బాబు దగ్గరికి తీసుకెళ్ళు. ఆయన ఎటేపు ఈదేడో అడగాల.”

సరేనన్నాను. రేవులో నాకెవరూ కలవలేదు. ఆ నేవీ మనిషిని నాయుడి మొహం చూసి అక్కడికక్కడ నేనే పుట్టించాను...