మూడే కారణాలున్న ఫారం

బుధవారం రాత్రి, నవాగామ్

రాజయ్య మామ కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. మరమగ్గం బెల్టు లాగేసుకుంది. నేల మీది రక్తం ఇంకా కడుగుతుండగానే మేనేజరు నా టేబుల్ దగ్గరికొచ్చి, "ఫారం భర్ దో" అని నింపమన్నాడు.

ప్రమాదాల ఫారం కంప్యూటర్లో తయారుచేసింది నేనే. పేరుకీ తేదీకీ సాక్షికీ ఖాళీలు పెట్టాను. కారణం దగ్గర మాత్రం ఏమీ రాయడానికి వీల్లేదు, నొక్కితే జాబితా వస్తుంది: అజాగ్రత్త, తాగుడు, నిద్రమత్తు. ఆ మూడే పెట్టమన్నాడు మేనేజరు. పెట్టి, పాస్‌వర్డుతో తాళం వేశాను. ఎంత నీట్‌గా వచ్చిందోనని మురిసిపోయాను కూడా. థూ, నా బతుకు!

ఇవాళ 'తాగుడు' నొక్కమన్నాడు. నొక్కి ప్రింటు తీశాను.

మామ తమ్ముడు మల్లేశం వచ్చి ఆ కాగితం చూశాడు. మేనేజరు కాలర్ పట్టుకుని, "కిస్‌నే లిఖా? ఎవడు రాసిండు?" అంటూ తలను గోడకేసి కొట్టాడు. మేనేజరు నా వైపు వేలు చూపించాడు.

"నువ్వా, లతా? బెల్టు మీది జాలీ పీకించింది వీడని నీకెర్క లేదా? ఈ పరాయి ఊర్ల మనోళ్ల పిల్లవు గదనే!"

పిడికిలి నా ముఖం దాకా వచ్చి, పక్కనున్న మానిటర్‌ని పగలగొట్టింది. నన్ను కొట్టినా బాగుండేది.

మల్లేశాన్ని వాచ్‌మన్లు ఈడ్చుకెళ్లాక ఇంకో కంప్యూటర్లో ఫారం తాళం తీశాను. నాలుగో కారణం చేర్చాను: చేతులు పడకుండా బెల్టుకు అడ్డుండే జాలీని మేనేజరు తీయించాడు. సాక్షి అన్న ఖాళీలో నా పేరు టైపు చేశాను. ప్రింటు తీసుకెళ్లి ఆస్పత్రిలో మామ పక్కనున్న అత్తకిచ్చాను. మొదటి కాగితం సంగతి ఆమెకు అప్పటికే తెలుసు, ఎవరు రాశారన్నదే తెలియదు.

అత్త నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. "తాగిండని రాసిన చేతులు నరకాలె బిడ్డా" అంది.

నా చేతులు ఆమె చేతుల్లోనే ఉన్నాయి.